కంపెనీ పంపిన కారు

బెంగుళూరు విమానాశ్రయంలో బ్యాగులొచ్చే బెల్టు దగ్గర మా ముగ్గురిలో నేనొక్కణ్ణే నిలబడ్డాను. నా బావమరిది కోటిలింగం, మా పక్క చేను కౌలుకి చేసే ఖాదర్ వలి చేతిసంచులతోనే వచ్చారు. వాళ్ళకి అక్కడ ఆగే పని లేదు.

"మేం బయట గాలికి నిలబడతాం, నువ్వు తీసుకుని రా బావా" అని కోటిలింగం ముందుకి నడిచాడు. ఖాదర్ వలి ఒకసారి వెనక్కి చూసి అతని వెంట పోయాడు.

నా బ్యాగులో ఎండిన మిరపచెట్లు ఉన్నాయి. వేళ్ళతో సహా పీకి, గోనెపట్టాలో చుట్టి దాచినవి. గన్నవరం విమానాశ్రయంలో వాటిని చేతిసంచిలో రానివ్వలేదు. మిరపకాయలు మనిషితోబాటు లోపలికి తీసుకుపోకూడదన్నాడు తనిఖీ చేసేవాడు.

"వీటికి ఘాటుండదు బాబూ. కొరికి చూడు" అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వించటానికి అనలేదు. ఆ కాయలకి ఘాటూ లేదు, రంగూ లేదు. గుంటూరు మిర్చి యార్డులో వాటిని పనికిరాని తాలుకాయల కింద కూడా కొనలేదు.

మా ఊరు ప్రత్తిపాడుకి దిగువన. మిరప, పత్తి తప్ప ఇంకోటి ఎరగం. మిరపకి నారు పోయటం అందరికీ వచ్చే పని కాదు. మా ఊళ్ళో అది నా భార్య సుబ్బరావమ్మకి వచ్చు. తలస్నానం చేసి, చెప్పుల్లేకుండా మడిలోకి దిగేది. గింజ చల్లి, వరిగడ్డి కప్పి, పూటపూటా చిల్లుల డబ్బాతో నీళ్ళు పోసేది. ఇంకొకరిని గట్టు మీద కూడా అడుగు పెట్టనిచ్చేది కాదు, నన్నైనా సరే. తమ్ముడు కోటిలింగానికీ, ఖాదర్ వలికీ, ఊళ్ళో సగంమందికీ ఆ మడిలో నారే వెళ్ళేది. విత్తనం ఎవరిది వాళ్ళు కొని తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాళ్ళు.

రెండేళ్ళ కిందట కొత్త రకం అంటూ ఒక కంపెనీ విత్తనం వచ్చింది. అందరూ అదే తెచ్చారు. నాటిన తర్వాత చెట్టు ఎదగక గిడసబారింది. ఆకు ముడుచుకుంది. కాసిన నాలుగు కాయలూ వంకరపోయి తెల్లబడ్డాయి. ఆ విత్తనం వేసిన పక్క ఊళ్ళలోనూ అంతేనని తర్వాత తెలిసింది.

కంపెనీ మనిషి ప్రేమ్‌చంద్ వచ్చాడు. అద్దంకివాడు. చేలన్నీ చూశాడు. చివరికి మా నారుమడి దగ్గర నిలబడి, పదిమందీ వింటుండగా అన్నాడు.

"విత్తనం మంచిదేనండి. తెగులు నారులోనే పట్టింది. పోసినవాళ్ళకి జాగ్రత్త తెలియలేదు."

సుబ్బరావమ్మ అక్కడే ఉంది. ఆ రోజు నుంచి నన్ను అడగటం మొదలుపెట్టింది. గడ్డి తొందరపడి తీశానా? నీళ్ళెక్కువ పోశానా? కాదని చెప్పేవాణ్ణి. వినేది, మళ్ళీ అడిగేది. ఊళ్ళో ఎవరూ ఆమెని మొహాన ఒక మాట అనలేదు. కానీ మరుసటి శ్రావణానికి ఎవరూ విత్తనం తెచ్చి ఆమె చేతిలో పెట్టలేదు. సొంత తమ్ముడు ప్రత్తిపాడు వెళ్ళి నర్సరీలో నారు కొనుక్కున్నాడు. ఆ ట్రాక్టరు మా వాకిటి ముందు నుంచే పోయింది. కార్తీకంలో ఆమె పోయింది. డాక్టరు గుండె అన్నాడు. అననీ.

ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పోగా, చివరికి కంపెనీ పెద్దలు మాట్లాడతామన్నారు. ఊరి తరఫున ముగ్గురు రండి, బెంగుళూరులో హోటల్లో కూర్చుందాం, పదకొండింటికి అని కబురు చేశారు. ఆ కబురు కూడా రైలుకి వీలుపడకుండా ముందురోజు చేశారు. మిగిలినవాళ్ళకి నష్టపరిహారం కావాలి. తీసుకోనీ, నాకు అడ్డం లేదు. నాకు మాత్రం ఒక మాట కావాలి. తప్పు విత్తనంలో ఉంది, నారులో లేదు అని కంపెనీ తన నోటితో చెప్పాలి, కాయితం మీద రాయాలి. ఆ కాయితం మా ఊరి రచ్చబండ మీద చదివించాలి. అందుకే వచ్చాను.

విమానం టికెట్లు మేమే పంపుతామన్నారు కంపెనీవాళ్ళు. వద్దన్నాను. మా వైపు ఒక కట్టుబాటుంది. పంచాయితీ తెగేదాకా ఎదుటివాడి మంచినీళ్ళు ముట్టకూడదు. ముడితే సగం ఒప్పుకున్నట్టే. కోటిలింగం ఒకసారి గట్టు తగాదాలో, రోళ్ళు పగిలే ఎండలో, ఎదుటివాడి అరుగు మీద పొద్దుగూకేదాకా నాలుక పిడచకట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటుంది. అందరికంటే ఎక్కువ వాడే చెప్పుకుంటాడు.

అందుకని రైతులం తలా కాస్తా వేసుకుని టికెట్లు మేమే కొన్నాం. దిగిన తర్వాత ఏం ఎక్కాలో కూడా ఇంటి దగ్గరే అనుకున్నాం. కోటిలింగం కోడలు దీప్తి బెంగుళూరులో చదువుకున్న పిల్ల.

"ట్యాక్సీవాళ్ళ జోలికి పోకండి మావయ్యగారూ. ఫోన్లో పిలిచే కార్లు మీకు దొరకవు, ఆ గేటు ఈ గేటు అని తిప్పుతారు. బయటికి రాగానే బస్సులుంటాయి. మెజెస్టిక్ బస్సెక్కండి. హోటలు ఆ దారిలోనే. దిగి రోడ్డు దాటితే చాలు" అంది.

కోటిలింగం కూడా ఆ పూట తలూపాడు.

బ్యాగు వచ్చింది. తీసుకుని బయటికి నడిచాను. సన్నగా తుంపర పడుతోంది. నా పంచె చూసి ట్యాక్సీవాళ్ళు వెంటపడ్డారు. ఒకడు నా చేతిలో బ్యాగు కూడా పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. బస్సులు ఎడమపక్క వరసగా ఉన్నాయి. మావాళ్ళు అక్కడ లేరు.

కుడిపక్క ఒక పెద్ద తెల్లకారు ఆగి ఉంది. దాని తలుపు తెరిచి ఉంది. లోపల కోటిలింగం కాళ్ళు బారచాపుకుని కూర్చున్నాడు. ఖాదర్ వలి తలుపు పట్టుకుని బయట నిలబడ్డాడు. మా ఊరి పేరు రాసిన అట్ట చంకలో పెట్టుకుని ప్రేమ్‌చంద్ నాకు నమస్కారం పెట్టాడు.

"ప్రయాణం బాగా జరిగిందాండి యలమందగారూ?"

వాణ్ణి దాటి కారు లోపలికి చూశాను.

"ఒరేయ్ కోటా, దిగు."

"ఏంది బావా దిగేది? వాన పడతంటే."

"బస్సు అదిగో."

"ఆ బస్సు ఊళ్ళన్నీ తిప్పుకుంటా పోద్దంట. పదకొండింటికి చేరతామో లేదో. కావాలంటే ప్రేమ్‌చంద్ గారిని అడుగు."

"మేకకి దారి కసాయివాణ్ణి అడగమంటావా?"

ప్రేమ్‌చంద్ నవ్వాడు. "నేను బలవంతం పెట్టటంలేదండి. మీ కట్టుబాటు నాకు తెలియదా? మాదీ అద్దంకేగా. అందుకే కార్లో నీళ్ళ సీసా ఒక్కటి కూడా పెట్టించలేదు. చూసుకోండి."

చూశాను. నిజంగానే లేదు.

"విన్నావా?" అన్నాడు కోటిలింగం. "కారు మంచినీళ్ళా బావా? దీన్నేమన్నా గ్లాసులో పోసుకుని తాగుతామా?"

ఖాదర్ వలి పక్కున నవ్వాడు. నవ్వి నా వైపు చూసి ఆపుకున్నాడు.

"నీళ్ళయితే నీ కడుపులోకి పోతాయి. ఇక్కడ నువ్వే దాని కడుపులోకి పోయి కూర్చున్నావు" అన్నాను.

"అబ్బో! నీతో ఎవరు పడతారు బావా. మా అక్క నిన్ను అన్నేళ్ళు ఎట్టా భరించిందో."

"అక్క పేరు ఆ కార్లో కూర్చుని ఎత్తకు."

వాడు దిగలేదు. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు.

"అన్నా, నన్నేం చెయ్యమంటావు? నువ్వే చెప్పు" అన్నాడు ఖాదర్ వలి.

"నీకు కాళ్ళున్నాయి వలీ. నేను చెప్పేదేముంది."

అతను తడిసిన రోడ్డు చూశాడు. బస్సు చూశాడు. "ఎక్కవయ్యా, తడుస్తావు" అని కోటిలింగం లోపల్నుంచి చెయ్యి పట్టుకుని లాగాడు. అతను లాగించుకున్నాడు. డ్రైవరు పక్కన కూర్చోవలసిన ప్రేమ్‌చంద్ వెనక సీట్లోకి వెళ్ళి ఆ ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. ఖరీదైన కారు, చప్పుడు కూడా రాలేదు.

నేను బస్సుల దగ్గరికి నడిచాను. బోర్డులు కన్నడంలో ఉన్నాయి. కన్నడ అక్షరాలు మన అక్షరాలకి దాయాదులు. కూడబలుక్కుంటే చదవొచ్చు. మెజెస్టిక్ బస్సు పట్టుకున్నాను. కండక్టరు బ్యాగు అందుకుని లోపల పెట్టాడు. అతని చేతికి ఎండుటాకుల పొడి అంటింది.

"ఆంధ్రానా?" అన్నాడు తెలుగులోనే.

"గుంటూరు."

"ఏముంది ఇందులో?"

"మిరపచెట్లు."

తుమ్ము వస్తుందేమోనని ముక్కు పట్టుకున్నాడు. రాలేదు. హోటలు పేరు చెప్పి అక్కడ దించమన్నాను.

"అంత పెద్ద హోటలుకి బస్సులో పోతున్నారా? పిలిచినవాళ్ళు కారు పంపలేదా?"

"పంపారు."

"మరి?"

"ఎక్కలేదు."

టికెట్టు చింపి ఇచ్చి, నన్ను ఒకసారి ఎగాదిగా చూసి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, "మీ వైపువాళ్ళకి పౌరుషం ఎక్కువండి" అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు. తెలుసుకోనూ లేదు.

దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ కూర్చున్నాను. ముందు చెట్లు బల్ల మీద పెట్టాలి. తర్వాత పక్క ఊళ్ళ సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళలో సుబ్బరావమ్మ నారు పొయ్యలేదు. మరి అక్కడ తెగులు ఎవరు తెచ్చారు? ఈ ప్రశ్న కంపెనీ పెద్దల మొహం మీద అడగాలి. కోటిలింగాన్ని ముందు మాట్లాడనివ్వకూడదు. వాడు మాటకారి, మధ్యలో జారిపోతాడు. బస్సు ఒక వంతెన మీద చాలాసేపు ఆగిపోయింది. కోటిలింగానికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఖాదర్ వలికి చేశాను. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వచ్చింది. కట్టేసి ఉన్నా అలాగే వచ్చేది అతని ఫోను. అందుకని పట్టించుకోలేదు.

పదకొండు కాకముందే హోటలు చేరాను. గుమ్మం దగ్గర తలపాగా కట్టినవాడు తలుపు తీశాడు. బ్యాగు తనిఖీ మిషన్లో పెట్టించారు. పైన ఒక గది చూపించారు. పొడుగు బల్ల, దాని మీద తెల్లగుడ్డ, చుట్టూ కుర్చీలు. కోటిలింగం, ఖాదర్ వలి, ప్రేమ్‌చంద్ తప్ప ఎవరూ లేరు. ముగ్గురి ముందూ కాఫీ కప్పులున్నాయి. అడుగుదాకా ఖాళీ అయి ఉన్నాయి.

"పెద్దలేరి?" అన్నాను.

"అయిపోయింది బావా" అన్నాడు కోటిలింగం.

"ఏమయిపోయింది?"

ప్రేమ్‌చంద్ లేచి నాకు కుర్చీ లాగాడు. "పెద్దలు ఫోన్లోనే ఒప్పుకున్నారండి. దారిలో మాట్లాడుకున్నాం. మనం మనం ఒక నేలవాళ్ళం. గంట సేపు దారి, తేలిపోయింది. హోటలు గడప తొక్కకముందే తెగింది కాబట్టి, ఇక్కడ కాఫీ తాగినా మీ కట్టుబాటు చెడలేదు."

వాడు వెటకారంగా అనలేదు. మర్యాదగానే అన్నాడు. మా ఊళ్ళో పుట్టినవాడిలా, మా కట్టుబాటుని మాకంటే బాగా కాచినవాడిలా అన్నాడు. నీళ్ళు ముట్టని మనుషుల్ని నీళ్ళు లేని చోట కూర్చోబెట్టి పని కానిచ్చాడు. దాహానికి లొంగని కోటిలింగం మెత్తటి సీటుకి లొంగాడు.

కాయితం నా ముందుకి జరిపాడు. తెలుగులోనే ఉంది. అచ్చు వేసి ఉంది. నడిచే కార్లో ఎవరూ అచ్చు వెయ్యరు. మేం విమానం ఎక్కకముందే అది తయారయి ఉంటుంది. చదివాను. నారు దశలో యాజమాన్య లోపాల వల్ల పంట దెబ్బతిన్నప్పటికీ, రైతుల మీద సానుభూతితో కంపెనీ ఇంత సాయం చేస్తుందనీ, వచ్చే సీజనుకి విత్తనం ఉచితంగా ఇస్తుందనీ, ఇక మీదట రైతులకి ఏ ఫిర్యాదూ లేదనీ ఉంది. కింద కోటిలింగం సంతకం, ఖాదర్ వలి సంతకం. కార్లో పెట్టినవి, కుదుపులకి గీతలు వంకరపోయాయి. మూడోచోట నా పేరు అచ్చు వేసి, పైన ఖాళీ వదిలారు.

"చదివావా కోటా?"

"చదివా."

"నారు దశలో లోపం అంటే ఏంది?"

"అది వాళ్ళ భాష బావా. అట్టా రాయకపోతే పైవాళ్ళు పైసా ఇవ్వరంట."

"ఆ నారు పోసిందెవరు?"

వాడు కప్పులోకి చూశాడు. అందులో ఏమీ లేదు.

"అడుగుతున్నాను. నారు పోసిందెవరు?"

"అక్క." వాడికి కోపం వచ్చింది. "అక్క పోయింది బావా. ఉన్నవాళ్ళం మేం. పోయినావిడకి కాయితం మీద మాట అంటుకుంటదా? ఆవిడుంటే ఆవిడే పెట్టమనేది సంతకం."

"ఆవిడుంటే నీ ఇంటికి వచ్చి అడిగేది, తమ్ముడూ గడ్డి తొందరగా తీశానా అని. అడిగింది కూడా. నువ్వేం చెప్పావో గుర్తుందా? ఏమో అక్కా అన్నావు."

కోటిలింగం కప్పు పక్కకి జరిపాడు.

"అన్నా" అన్నాడు ఖాదర్ వలి. "నాది కౌలు చేను. ఇంకో ఏడు ఎట్టా ఈదాలో తెలియక పెట్టాను. వదినంటే నాకు..."

"వదిన సంగతి నువ్వు చెప్పొద్దు."

బ్యాగు విప్పి, గోనెపట్టా తీసి, చెట్లు తెల్లగుడ్డ మీద పెట్టాను. వేళ్ళకున్న నల్లమట్టి రాలింది.

"పక్క ఊళ్ళలోనూ ఇట్టాగే పోయింది" అన్నాను ప్రేమ్‌చంద్‌తో. "అక్కడ నా భార్య నారు పొయ్యలేదు. మరక్కడ లోపం ఎవరిది?"

"ఆ ఊళ్ళ సంగతి ఆ ఊళ్ళవాళ్ళతో మాట్లాడతామండి" అన్నాడు వాడు. అదీ మర్యాదగానే. "ఇదిగో పెన్ను. మీరు కూడా పెడితే ఊరంతా ఒక మాట మీద ఉన్నట్టుంటుంది."

పెన్ను తీసుకున్నాను. కోటిలింగం ఊపిరి వదిలాడు. నా పేరు పైనున్న ఖాళీలో రాశాను. చోటు చాలకపోతే పక్కకీ కిందకీ రాశాను.

తప్పు విత్తనంలో ఉంది. నారులో లేదు. ఆ నారు నా భార్య సుబ్బరావమ్మ పోసింది.

దాని కింద సంతకం పెట్టి జరిపాను. ప్రేమ్‌చంద్ చదివాడు. కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి కప్పు కింద సాసరులో పెట్టాడు. ఫోన్ తీసి, "ఇంకో కాపీ తెచ్చెయ్. ఈసారి రెండు పేర్లే" అన్నాడు.

ఎంతోసేపు పట్టలేదు. ఒకతను తెచ్చి బల్ల మీద పెట్టి, మట్టి చూసి చేతులు దులుపుకుని పోయాడు. నా పేరు అందులో లేదు. మిగతాదంతా అదే.

కోటిలింగం పెన్ను పట్టుకుని తలెత్తాడు.

"అట్టా చూడమాక బావా."

"చూస్తా. నువ్వు పెట్టు."

మొదటిది నేను లేనప్పుడు పెట్టాడు. దానికి వంద సాకులు చెప్పుకోవచ్చు. రెండోది నా కళ్ళ ముందు పెట్టాడు. బల్ల కదల్లేదు. పేరు గుండ్రంగా, పొందికగా వచ్చింది. చిన్నప్పుడు వాడికి అక్షరాలు దిద్దించింది సుబ్బరావమ్మే. ఖాదర్ వలి నా వైపు చూసి, కోటిలింగం వైపు చూసి, తనూ పెట్టాడు.

చెట్లు బల్ల మీదే వదిలేసి లేచాను. ఊడ్చుకుంటారు.

తిరుగు విమానం సాయంత్రానికి ఉంది. కిందికి వచ్చేసరికి ఆ తెల్లకారు వాకిట్లో సిద్ధంగా ఉంది. కోటిలింగం ఈసారి నన్ను పిలవలేదు. నేను గేటు దాటి, విమానాశ్రయం బస్సు ఆగే చోట నిలబడ్డాను. కాసేపటికి ఖాదర్ వలి చేతిసంచి ఊగులాడుతుండగా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, నేనూ బస్సులోనే వస్తా."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నా పక్క సీటు ఖాళీ. అతను దాని దగ్గరికి వచ్చి, సీటు వీపు పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటానేమోనని చూశాడు. కండక్టరు వచ్చి, నిలబడకూడదు, కూర్చోండి అని కసిరాడు. అతను కదల్లేదు.

"అన్నా" అన్నాడు మళ్ళీ.

నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కండక్టరు అతన్ని భుజం పట్టుకుని తీసుకుపోయి వెనక వరసలో కూర్చోబెట్టాడు.